షాపులో మనవాళ్లు తప్పు చేస్తే నష్టం ఎవరు కట్టాలి? విశాఖలో వాణిజ్య లీజు రాసుకునేవారికి సమగ్ర మార్గదర్శి

ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్‌కి హాలు, గాజువాక ఆటోనగర్‌లో షెడ్డు, మధురవాడలో చిన్న ఆఫీసు. ఏది అద్దెకు తీసుకున్నా మనం పట్టుపట్టి మాట్లాడుకునేది అద్దె, అడ్వాన్సు, ఏటా పెంపు గురించే. పనివాళ్ల వల్ల భవనానికి నష్టం జరిగితే ఎవరు భరించాలన్న వాక్యం ఎక్కడో వెనక పేజీలో, ఇంకెవరిదో అగ్రిమెంటు నుంచి దింపుకున్నట్టు ఉంటుంది. గొడవ వచ్చాక ఇద్దరి లాయర్లూ ముందు తెరిచేది ఆ పేజీనే.

"మా కుర్రాడు చేశాడండీ, ఆ రోజు నేను ఊళ్లోనే లేను" అన్న జవాబు లీజు విషయంలో దాదాపుగా నిలబడదు. సిబ్బంది చేసిన నష్టానికి ఓనర్ ముందు జవాబుదారీ మీరే. కానీ ఆ బాధ్యత ఎంతవరకు, ఎన్ని రోజుల్లో, ఎవరెవరి పనులకు అన్నది సంతకానికి ముందే రాసుకునే హక్కు మీకు ఉంది. చాలామంది దాన్ని వాడుకోరు. ఈ వ్యాసమంతా ఆ హక్కును వాడుకోవడం గురించే. ఇక్కడ ఓనర్ అంటే భవనం ఇచ్చినవారు, అద్దెదారు అంటే అందులో వ్యాపారం పెట్టి సిబ్బందిని నియమించుకున్నవారు.

మొదటి అడుగు: మూడు రకాల బాధ్యతలను విడదీసి చూడండి

మొదటిది లీజు నుంచి వచ్చే బాధ్యత. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షన్ దీనికి మూలం. అందులోని ఎం క్లాజు ప్రకారం, అద్దెదారు ఆస్తిని తీసుకున్నప్పటి స్థితిలోనే ఉంచాలి, ఖాళీ చేసేటప్పుడు అదే స్థితిలో అప్పగించాలి. సహజమైన అరుగుదలకు, మనిషి ఆపలేని విపత్తుకు మాత్రమే మినహాయింపు. అద్దెదారు గాని, అతని పనివాళ్లు లేదా ఏజెంట్లు గాని చేసిన పనివల్ల లోపం ఏర్పడి, దాని గురించి ఓనర్ నోటీసు ఇస్తే మూడు నెలల్లో బాగుచేయించాలని కూడా అదే క్లాజు చెబుతోంది. పనివాళ్ల సంగతి చట్టంలోనే ఉంది కాబట్టి, అగ్రిమెంటులో ఒక్క ముక్క రాసుకోకపోయినా ఈ బాధ్యత మీ మీద ఉన్నట్టే. అయితే 108వ సెక్షన్ మొదలయ్యేదే "దీనికి విరుద్ధమైన ఒప్పందం గాని స్థానిక ఆచారం గాని లేనప్పుడు" అన్న అర్థంతో. అంటే మీరిద్దరూ వేరేగా రాసుకుంటే అదే చెల్లుతుంది.

రెండోది బయటివాళ్లకు జరిగిన నష్టం. మీ సేల్స్‌మన్ నిచ్చెన జారవిడిచి కింద నడిచేవారికి దెబ్బ తగిలిందనుకోండి. అతను ఉద్యోగం పని చేస్తున్నాడా, తన సొంత పనిలో ఉన్నాడా అన్నది అక్కడ ప్రశ్న. 1966లో సుప్రీంకోర్టు ముందుకు ఒక టాక్సీ కేసు వచ్చింది. టాక్సీని శుభ్రం చేసే మనిషి లైసెన్సు పరీక్ష కోసం దాన్ని నడుపుతూ ప్రమాదం చేశాడు. అప్పుడు బండి ఓనర్ పనిమీద లేదు కాబట్టి ఓనర్ బాధ్యుడు కాడని మెజారిటీ తీర్పు. 1978లో ఒక బ్యాంకు కేసులోనూ దారి అదే. తెలిసినవాడన్న నమ్మకంతో బ్యాంకు ఉద్యోగి చేతికి ఇచ్చిన డబ్బును అతను కాజేస్తే, అది బ్యాంకు పనిలో భాగంగా అతని చేతికి వచ్చిన డబ్బు కాదు కాబట్టి బ్యాంకు బాధ్యురాలు కాదని కోర్టు చెప్పింది.

లీజు బాధ్యతను, బయటివాళ్ల నష్టాన్ని కలిపేసి చాలామంది దెబ్బతింటారు. రాత్రి షట్టర్ దించాక పనివాళ్లు లోపల పార్టీ చేసుకుని అద్దాల పార్టిషన్ పగలగొట్టారనుకుందాం. అది డ్యూటీ కాదు కదా, నాకేం సంబంధం అని మీరు అనొచ్చు. బయటివాడి కేసులో ఆ వాదనకు కొంత బలం ఉంది. ఓనర్ దగ్గర మాత్రం లేదు. తాళాలు మీకిచ్చారు, తీసుకున్నట్టే అప్పగిస్తామన్న బాధ్యత మీది. పగలగొట్టినవాడు ఆ క్షణంలో డ్యూటీలో ఉన్నాడా లేదా అన్నదానితో దానికి పెద్దగా సంబంధం లేదు.

మూడోది నేరం. నేరానికి శిక్ష మామూలుగా చేసినవాడికే. కానీ స్థలం మీ చేతిలో ఉన్నందుకు కొన్ని చట్టాలు మీ దాకా వస్తాయి. మాదకద్రవ్యాల చట్టం 25వ సెక్షన్ ప్రకారం, తన స్థలాన్ని ఆ నేరానికి వాడుతున్నారని తెలిసీ అనుమతిస్తే స్థలం ఓనర్‌కైనా, వాడుకుంటున్నవారికైనా శిక్ష ఉంటుంది. గంజాయి రవాణా కేసులు తరచూ వినే మన ప్రాంతంలో గోడౌన్ పెట్టినవాళ్లు ఈ సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. మీ గోడౌన్ కుర్రాడు ఎవరివో పార్సిళ్లు "రెండు రోజులు ఉంచుతా" అన్నాడని తెలిసిన మరుక్షణం నుంచి మీ మౌనానికి కూడా లెక్క ఉంటుంది.

రెండో అడుగు: కాగితం చెల్లేలా చూసుకోండి

ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించి తీరాలి. ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్, రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ఈ మాటే చెబుతున్నాయి. మూడేళ్ల లీజును స్టాంపు పేపరు మీద రాసి నోటరీతో సరిపెడితే, అందులోని షరతులను కోర్టులో సాక్ష్యంగా చూపించుకోవడం కష్టం. సిబ్బంది బాధ్యత మీద మీరు ఎంత జాగ్రత్తగా రాసుకున్న క్లాజైనా అప్పుడు అక్కరకు రాదు. మామూలు వ్యాపారాలకైతే ఏ నెలకానెల అద్దె కింద లెక్కేసి 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయించే పరిస్థితి వస్తుంది. రిజిస్ట్రేషన్ ఖర్చుకు జంకి 11 నెలల కాగితంతో లక్షల ఇంటీరియర్ చేయించేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

సంతకం ఎవరి పేరు మీద అన్నదీ చూడండి. కంపెనీ అద్దెదారైతే కంపెనీ పేరుతోనే, తీర్మానం కాపీ జతచేసి, అధికారం ఉన్నవారే సంతకం చేయాలి. డైరెక్టరు సొంతంగా కూడా హామీ ఉండాలని ఓనర్ అడిగితే దాన్ని విడిగా, ఎంత మొత్తానికో, ఎప్పటిదాకానో రాసి ఇవ్వండి.

మూడో అడుగు: తాళాలు తీసుకునే రోజే స్థితి రికార్డు చేయండి

విశాఖలో ఇది మరీ ముఖ్యం. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ వైపు ఉప్పుగాలికి షట్టర్లు, గ్రిల్సు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు తొందరగా తుప్పు పడతాయి. మూడేళ్ల తరవాత "మీవాళ్లు షట్టర్‌ని గుద్ది గుద్ది పాడుచేశారు" అని ఓనర్, "అది తుప్పండీ" అని మీరు. తుప్పు సహజ అరుగుదల, వంకరపోయిన పట్టీ సిబ్బంది పని. ఈ తేడా ఫొటోలో తెలుస్తుంది, మాటల్లో తెలియదు. అలాగే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో అద్దాలు, రేకులు ఎలా ఎగిరిపోయాయో చూశాం. అలాంటి తుపాను నష్టం ఆపలేని విపత్తు కిందికి వస్తుంది. కానీ హెచ్చరిక వచ్చాక కూడా మీ వాచ్‌మన్ కిటికీలు తెరిచి వెళ్లిపోతే, లోపల తడిసిన ఫాల్స్ సీలింగ్ గురించి ఓనర్ వాదన వేరేగా ఉంటుంది.

కాబట్టి ఇద్దరూ కలిసి తిరిగి గోడలు, ఫ్లోరింగు, ప్లంబింగు, లిఫ్టు, వైరింగు, ఫైర్ సిలిండర్లు వీడియో తీయండి. ఒక పేజీ జాబితా రాసి సంతకాలు పెట్టి లీజుకు జతచేయండి. కరెంటు మీటరు సీలు ఫొటో మాత్రం మరవొద్దు. మీటరు ఎక్కువగా ఓనర్ పేరుమీదే ఉంటుంది. రేపు మీ ఎలక్ట్రీషియన్ మీటరు దగ్గర ఏదో చేస్తే కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ నోటీసు ఓనర్‌కి వస్తుంది, ఆయన మీ దగ్గరికి వస్తారు. విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద అది దొంగతనం కేసు కూడా కావచ్చు.

నాలుగో అడుగు: బాధ్యత క్లాజును మీరే రాయండి

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. వాడుకలో కనిపించే క్లాజు ఇలా ఉంటుంది: "అద్దెదారు లేదా అతని మనుషుల వల్ల కలిగే సకల నష్టాలకు, క్లెయిములకు, ఖర్చులకు అద్దెదారే పూర్తి బాధ్యుడు." ఈ ఒక్క వాక్యంలో మీ మనుషులు ఎవరో లేదు, హద్దు లేదు, గడువు లేదు. దాని బదులు ఇలా రాసుకోవచ్చు:

"అద్దెదారు ఉద్యోగులు, రోజుకూలీలు, ఏజెంట్లు, అద్దెదారు పనికి పిలిపించిన కాంట్రాక్టర్లు, వారి మనుషులు నిర్లక్ష్యంగా గాని కావాలని గాని భవనానికి కలిగించిన నష్టాన్ని అద్దెదారు సొంత ఖర్చుతో బాగుచేయించాలి. ఓనర్ నష్టం వివరాలతో రాతపూర్వక నోటీసు ఇచ్చిన 30 రోజుల్లో పని మొదలుపెట్టి 90 రోజుల్లో పూర్తి చేయాలి. కరెంటు, గ్యాసు, నీటి లీకు వంటి ప్రమాదకరమైనవాటిని 48 గంటల్లో సరిచేయాలి. సహజ అరుగుదల, ప్రకృతి విపత్తు, నిర్మాణ లోపం, ఓనర్ సిబ్బంది వల్ల కలిగిన నష్టం ఇందులోకి రావు."

ఇందులో కాంట్రాక్టర్ల మాట ఎందుకంటే, చట్టంలో ఉన్నది పనివాళ్లు, ఏజెంట్లు అనే. సైన్‌బోర్డు బిగించడానికి వచ్చిన వెల్డరు ఆ రెండింట్లోకి వస్తాడా అని తరవాత వాదించుకునే బదులు ముందే తేల్చుకోవడం మేలు. అద్దెదారుగా మీరు ఒప్పుకోకూడనివి కూడా ఉన్నాయి. సరుకు కోసం మెట్ల దగ్గర నిలబడే డెలివరీ కుర్రాళ్లు, షాపుకొచ్చే కస్టమర్లు మీ సిబ్బంది కారు. వాళ్లనూ జాబితాలో చేర్చమంటే, "అద్దెదారు వాడుకునే భాగం లోపల జరిగిన నష్టానికి మాత్రమే" అని హద్దు పెట్టండి.

మొత్తానికి పరిమితి అడగండి. ఇన్ని నెలల అద్దెకు మించదు అని రాయమనండి. అగ్నిప్రమాదానికి, కావాలని చేసిన విధ్వంసానికి, మనుషులకు తగిలిన గాయాలకు ఆ పరిమితి వర్తించదని ఓనర్ అంటారు. అది న్యాయమే, ఒప్పుకోండి. అడ్వాన్సు మొత్తం జప్తు అన్న షరతు మాత్రం తీయించండి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో ఎంత రాసినా అది గరిష్ఠ హద్దే, కోర్టు ఇప్పించేది అందులోపు సమంజసమైన పరిహారమే. ఆ షరతు ఉంటే మీకు అనవసరమైన టెన్షన్, ఓనర్‌కి లేనిపోని ధీమా.

అన్నిటికంటే ప్రమాదకరమైనది రద్దు షరతు. "సిబ్బంది తప్పు చేస్తే లీజు రద్దు" అన్న వాక్యం మీద సంతకం పెడితే, మీ వ్యాపారం అంతా ఒక కొత్త కుర్రాడి ప్రవర్తన మీద ఆధారపడినట్టు. తెలిసి అనుమతించినప్పుడు, లేదా నోటీసు ఇచ్చాక కూడా గడువులోగా సరిచేయనప్పుడు మాత్రమే రద్దు అని మార్పించండి. ఫలానా ఉద్యోగిని తీసేయాలని ఆదేశించే హక్కు కూడా ఓనర్‌కి ఇవ్వకండి. తీవ్రమైన ఫిర్యాదు వస్తే విచారణ పూర్తయ్యేదాకా ఆ వ్యక్తిని ఆ భవనంలోకి పంపము అన్న హామీ సరిపోతుంది.

ఓనర్ మనుషుల తప్పులు

బాధ్యత ఒకవైపే రాయించుకోవడం మన దగ్గర అలవాటైపోయింది. ఓనర్ పెట్టిన వాచ్‌మన్ మోటారు ఆపడం మరిచిపోతే ట్యాంకు పొంగి మీ సరుకు తడుస్తుంది. లిఫ్టు మెకానిక్ వైర్లు తాకించి మీ సర్వర్ కాలిపోతుంది. పై క్లాజునే తిప్పి, ఓనర్ సిబ్బంది, ఓనర్ పెట్టిన ఏజెన్సీల మనుషుల వల్ల అద్దెదారుకు నష్టం జరిగితే ఓనర్ భరిస్తారని రాయించండి. సెక్యూరిటీ ఏజెన్సీ గార్డులైతే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉందో లేదో చూడండి.

అద్దె వసూలుకు వచ్చే మేనేజర్ల సంగతి మరీ జాగ్రత్త. ఓనర్ విదేశాల్లో ఉంటారు, నెలనెలా ఆయన తరఫున ఒకరొచ్చి నగదు తీసుకుంటారు. ఒకరోజు ఆరు నెలల బకాయి అని నోటీసు వస్తుంది. ఇన్నాళ్లూ ఓనర్ తన మాటల ద్వారా, ప్రవర్తన ద్వారా అతనికి అధికారం ఉందని మిమ్మల్ని నమ్మించి ఉంటే, కాంట్రాక్టు చట్టం 237వ సెక్షన్ మీకు అండగా ఉంటుంది. కానీ రుజువు చూపాల్సింది మీరే. అద్దెను ఓనర్ బ్యాంకు ఖాతాకే పంపండి, ఖాతా నంబరు లీజులోనే రాయించండి.

ఇదే సెక్షన్ మీకు ఎదురూ తిరుగుతుంది. మీ బ్రాంచి మేనేజర్ మీకు చెప్పకుండా షాపు ముందు జాగాను మొబైల్ కవర్లు అమ్మేవాడికి రోజువారీ అద్దెకిచ్చాడనుకోండి. అన్ని వ్యవహారాలూ అతనే చూస్తాడని మీరు ఓనర్‌కి చెప్పి ఉంటే, తరవాత అతనికి అధికారం లేదనడం కష్టం. మేనేజర్ ఏం చేయొచ్చు, ఏం చేయకూడదు అన్నది ఓనర్‌కి మెయిల్‌లో ముందే తెలియజేయండి.

ఐదో అడుగు: మీ సిబ్బందితో, మీ కాంట్రాక్టర్లతో కాగితాలు

ఓనర్‌కి మీరు కట్టిన డబ్బు మళ్లీ ఎవరి దగ్గర రాబట్టుకోవాలన్నది ఇక్కడ తేలుతుంది. కాంట్రాక్టరుతో చేసుకునే ఒప్పందంలో లీజులోని బాధ్యత క్లాజునే యథాతథంగా అతని మీద పెట్టండి. తాళాల రిజిస్టరు పెట్టండి, తీసుకున్నవారి సంతకం, టైము ఉండాలి. నియామక పత్రంతోపాటు భవనం నియమాల పేజీ తెలుగులో ఇచ్చి సంతకం తీసుకోండి. ఒడిశా నుంచి వచ్చి పనిచేస్తున్నవారుంటే వాళ్లకు అర్థమయ్యే భాషలో ఇవ్వండి.

జీతంలో కోత గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఓనర్ లక్ష రూపాయలు అడిగారని ఆ లక్షనూ పదిహేను వేల జీతగాడి మీద రుద్దడం అన్యాయం, చట్టవిరుద్ధం కూడా. వేతనాల చట్టం ప్రకారం నష్టానికి కోత పెట్టాలంటే అది అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, ముందుగా వివరణ ఇచ్చుకునే అవకాశం ఇవ్వాలి, కోత నష్టం విలువను మించకూడదు. సిబ్బంది తప్పుల భారం వ్యాపారంలో ఒక ఖర్చు. దాన్ని ఇన్సూరెన్సుతో మోయాలి.

ఉద్యోగుల మోసాలకు ఫిడెలిటీ గ్యారంటీ పాలసీ, బయటివారి నష్టాలకు పబ్లిక్ లయబిలిటీ పాలసీ, ఫైర్ పాలసీ అడగండి. ఓనర్ భవనానికి బీమా ఉంటే, ఆయనకు డబ్బిచ్చిన కంపెనీ ఆ మొత్తాన్ని మీ దగ్గర వసూలు చేయడానికి రావచ్చు. ఆ హక్కును వదులుకునేలా ఓనర్ పాలసీలో షరతు పెట్టించగలరేమో లీజుకు ముందే కనుక్కోండి.

ఆరో అడుగు: సంఘటన జరిగిన రోజు

ముందు మనుషులు, తరవాత కరెంటు మెయిన్, గ్యాసు. ఆ వెంటనే సీసీటీవీ. కెమెరాల రికార్డింగ్ దాచే డీవీఆర్‌ పెట్టెలో పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంటుంది, అదేరోజు కాపీ తీయించండి. ఆ కాపీని కోర్టులో వాడాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. తీసినవారెవరు, ఏ పరికరం నుంచి అన్న వివరాలు అప్పుడే రాసిపెట్టుకోండి.

ఓనర్‌కి 24 గంటల్లోపు మీరే రాయండి. ఏం జరిగింది, ఎప్పుడు, ఇప్పటికి ఏం చేశాం, ఎవరిని పంపి చూపిస్తున్నాం. అంతవరకే. కారణం తేలకముందే "మావాడిదే తప్పు" అని వాట్సాప్‌లో రాసేయకండి. అలాగని "మాకు సంబంధం లేదు" అనీ రాయకండి. బీమా కంపెనీకి కూడా అదేరోజు తెలియజేయండి, సర్వేయరు చూడకముందు శిథిలాలు తీసేయించొద్దు. దొంగతనం, మంటలు, గాయాలు ఉంటే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఉద్యోగికి సంజాయిషీ నోటీసు ఇచ్చి అతని మాట వినండి. కోపంలో ఆ రోజే పంపించేస్తే, జరిగింది చెప్పగల ఏకైక సాక్షి మీ చేతిలో ఉండడు.

ఒక రకం ఫిర్యాదును మాత్రం వీటితో కలపొద్దు. భవనంలోని మరో ఆఫీసు మహిళ మీ ఉద్యోగి వేధించాడని చెబితే, అది ఓనర్‌తో సర్దుబాటు చేసుకునే లీజు వ్యవహారం కాదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, అంతకన్నా చిన్న సంస్థలకు జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది. ఆమె పేరు, వివరాలు గోప్యంగా ఉంచి, విచారణకు సహకరించండి.

ఏడో అడుగు: ఖాళీ చేయమని నోటీసు వస్తే

భయపడకుండా తేదీ వేసుకుని చదవండి. షరతు ఉల్లంఘన పేరుతో ఖాళీ చేయించాలంటే ఆస్తి బదిలీ చట్టం 114ఏ సెక్షన్ ప్రకారం ఆ ఉల్లంఘన ఏమిటో నోటీసులో స్పష్టంగా రాయాలి, సరిచేయగలిగినదైతే సమంజసమైన సమయం ఇవ్వాలి. ఆ సమయంలో బాగుచేయించి, ఫొటోలు, బిల్లులతో జవాబివ్వండి. స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు ఉండేలా పంపండి. అద్దె బకాయికి, వేరేవారికి అప్పగించకూడదన్న షరతుకు ఈ రక్షణ లేదు. అందుకే మేనేజర్ చేసే చాటుమాటు ఉప అద్దెలు అంత ప్రమాదం. ఓనర్లకూ ఒక జాగ్రత్త: ఉల్లంఘన తెలిశాక ఆ తరవాతి నెల అద్దె మామూలుగా తీసుకుంటే, అదే చట్టం 112వ సెక్షన్ కింద ఆ ఉల్లంఘనను మన్నించినట్టు అవుతుంది.

ఓనర్ రాత్రికి రాత్రి షట్టర్‌కి తన తాళం వేస్తే, నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు.

నష్టం డబ్బు మీద తేలకపోతే ముందు లీజులో ఆర్బిట్రేషన్ (కోర్టుకు బదులు ఇద్దరూ ఒప్పుకున్న వ్యక్తి తీర్పు చెప్పడం) క్లాజు ఉందేమో చూడండి. ఆస్తి బదిలీ చట్టం కిందికి వచ్చే లీజు వివాదాలను ఆర్బిట్రేషన్‌కి పంపవచ్చని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది, అద్దె నియంత్రణ చట్టాల కిందికి వచ్చేవాటిని మినహాయించింది. పూర్తిగా వ్యాపారానికే వాడే స్థలం, వివాదం విలువ 3 లక్షలు లేదా ఆ పైన అయితే వాణిజ్య కోర్టు పరిధిలోకి వస్తుంది. విశాఖలో ఈ వివాదాలకు ప్రత్యేక కోర్టు ఉంది. అత్యవసర ఉత్తర్వు అవసరమైతే తప్ప ఆ కోర్టులో దావాకు ముందుగా మధ్యవర్తిత్వానికి, అంటే రాజీ కుదిర్చే మీడియేషన్‌కి, వెళ్లడం తప్పనిసరి. ఒప్పంద ఉల్లంఘన పరిహారానికి గడువు మూడేళ్లు.

ఖాళీ చేసే రోజు మూడో అడుగులో తీసిన జాబితానే చేతిలో పట్టుకుని ఇద్దరూ మళ్లీ తిరగండి. సిబ్బంది వల్ల పాడైనవి, కాలంతో అరిగినవి వేర్వేరుగా రాయండి, మరమ్మతుల మొత్తం అక్కడే తేల్చి అడ్వాన్సులో సర్దండి. తాళాలు అప్పగించిన తేదీ, మిగిలిన అడ్వాన్సు ఎప్పుడు ఇస్తారు, ఇకపై ఎలాంటి బకాయిలూ లేవన్న మాట ఉన్న కాగితం మీద ఓనర్ సంతకం తీసుకున్నాకే తాళాలు ఇవ్వండి.